నువ్వు ఓటేశావా, అమ్మలూ?

తెనాలి,
22 నవంబరు 2025

చిరంజీవి మేఘనకు తాతయ్య దీవెనలు.

నేను కాగితం మీద రాసిస్తే మీ బాబాయి ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపుతానన్నాడు. మనబడిలో నేర్చుకున్న తెలుగుంది కదా, నువ్వే చదువుకో. ఎక్కడైనా అర్థం కాకపోతే మీ నాన్నని అడుగు గానీ, మొత్తం వాడి చేత చదివించుకోకు. మధ్యలో సొంత వ్యాఖ్యానాలు కలుపుతాడు.

బుధవారం పొద్దున మేము రెండో కాఫీ తాగుతుంటే నీ వాయిస్ మెసేజ్ వచ్చింది. సగం ఏడుపు, సగం తిట్లు. మీ నాయనమ్మ కంగారుపడి ‘ఎవరికేమైందండీ’ అంది. రెండోసారి వింటే గానీ తెలియలేదు, ఎవరికీ ఏమీ కాలేదని, ‘డాన్సింగ్ విత్ ద స్టార్స్’ సెమీఫైనల్లో విట్నీ లెవిట్ ఎలిమినేట్ అయిందని. ఆవిడ ముందు ‘హమ్మయ్య’ అంది. వెంటనే ‘అయ్యో, ఆ అమ్మాయా! బాగా చేసేదే’ అంది. దసరాకి అక్కడున్నప్పుడు మీ సోఫాలో కూర్చుని నీతోపాటు చూసింది కదా, మర్చిపోలేదు.

తర్వాత మీ తమ్ముడు ఫోన్‌లో అసలు సంగతి చెప్పాడు. నువ్వు రిమోట్ విసిరేశావట, బ్యాటరీలు సోఫా కిందికి పోయాయట. పోనీలే. 2010లో ఇదే షో చూస్తూ విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒకాయన, తనకి నచ్చని అమ్మాయి ఇంకా డాన్స్ చేస్తోందన్న కోపంతో టీవీనే తుపాకీతో కాల్చేశాడు. పోలీసులొచ్చారు, అరెస్టయ్యాడు, పేపర్లలో పడ్డాడు. దానితో పోలిస్తే నువ్వు బుద్ధిమంతురాలివే.

నీ కోపం తప్పని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ కోపాన్ని నేను బల్లకి ఇవతలి వైపు నుంచి చూసినవాణ్ణి. బడిలో పాఠాలు చెప్పుకుంటూనే చాలా ఏళ్ళు నాటక పరిషత్తుల్లో న్యాయనిర్ణేతగా కూర్చున్నాను. అందుకే నీ మెసేజ్‌లో ఒక మాట దగ్గర ఆగిపోయాను. ‘ఓటింగ్ తీసేసి అంతా జడ్జీలకే వదిలెయ్యాలి తాతయ్యా, జనానికి ఏం తెలుసు?’ అన్నావు. దాని గురించి మాట్లాడుకుందాం.

ముందు ఒకటి అడుగుతాను. ఆ రాత్రి నువ్వు ఓటేశావా?

వెయ్యలేదని నాకు తెలుసు, ఎందుకంటే నువ్వే చెప్పావు. ‘ఆమె ఎలాగూ సేఫే కదా అనుకున్నా’ అన్నావు. అమ్మలూ, ఈ షోలో బాగా చేసేవాళ్ళని ఇంటికి పంపేది ఎక్కువసార్లు ఆ ఒక్క మాటే. జడ్జీలు పదులెత్తి చూపిస్తారు, హాలంతా లేచి నిలబడుతుంది, ఇంట్లో కూర్చున్న అభిమాని ‘ఇక ఈమెకేం ఢోకా లేదు’ అని ఫోన్ పక్కన పెడతాడు. తక్కువ మార్కులొచ్చిన జంటని అభిమానించేవాడు మాత్రం భయపడతాడు. వెబ్‌సైట్‌లో వేస్తాడు, మెసేజ్‌లు పంపుతాడు. ఒక్కో దారిలో ఒక్కో జంటకి పది దాకా వెయ్యొచ్చన్నావు కదా, ఆ పదీ వేసేస్తాడు. వాళ్ళావిడ ఫోన్ నుంచి కూడా వేస్తాడు. మంచి మార్కులు వచ్చాయంటే అభిమానులు నిద్రపోతారు, తక్కువ వచ్చాయంటే లేచి కూర్చుంటారు. ఇందులో మోసమేమీ లేదు. మనుషుల తీరే అంత.

పైగా ఇప్పుడు అంతా ఒక్క రాత్రిలోనే. ఒకప్పుడు రెండు రోజులుండేది. సోమవారం డాన్సులు, మంగళవారం ఫలితం. 2013 నుంచి ఫలితాల రోజు తీసేశారు. ఈ మధ్య సీజన్లలో డాన్సులు జరుగుతుండగానే ఓట్లు పడతాయి, షో అయ్యేలోపు ఒక జంట సామాను సర్దుకోవాలి. ‘రేపు ఆలోచించి వేద్దాం’ అనుకునేవాళ్ళకి ఇందులో చోటు లేదు.

ఇక లెక్క. నీకు లెక్కలంటే ఇష్టం కాబట్టి కాగితం తీసుకో. ఆ షోలో చాలా సీజన్లపాటు నడిచిన పద్ధతి ఏమిటంటే, ఆ రాత్రి జడ్జీలు అందరికీ కలిపి ఇచ్చిన మొత్తం మార్కుల్లో ఒక జంటది ఎంత శాతం, మొత్తం ఓట్లలో ఎంత శాతం, ఈ రెండూ కలిపి ఎవరిది అందరికన్నా తక్కువైతే వాళ్ళు ఇంటికి. సగం జడ్జీలది, సగం జనానిది. వినడానికి ఎంతో న్యాయంగా ఉంది కదా? ఊహకి ఆరు జంటలు పెట్టుకుందాం. రెండేసి డాన్సులు, అరవైకి మార్కులు. 60, 58, 57, 57, 55, 54 అనుకో. మొత్తం 341. మొదటి జంటకి 17.6 శాతం, చివరి జంటకి 15.8 శాతం. తేడా రెండు శాతం కూడా లేదు. అటు ఓట్లలో ఒకరికి 25 శాతం, ఇంకొకరికి 10 శాతం రావడం వింతేమీ కాదు. జడ్జీలు అందరికీ తొమ్మిదులూ పదులూ పంచిపెట్టాక వాళ్ళ సగం సగంలా ఉండదు. కాగితం మీద ఉంటుంది, పని చెయ్యదు. జడ్జీల మాట చెల్లలేదని ఏడ్చావే, దాన్ని చెల్లకుండా చేసుకున్నది చాలావరకు వాళ్ళే. ఆరు ఇవ్వాల్సిన చోట ఎనిమిది ఇస్తే, పది విలువ పడిపోతుంది. రెండేళ్ళ కిందట కాలం చేసిన లెన్ గుడ్‌మన్ అనే పెద్దాయన ఉండేవాడు, ఇంగ్లండు మనిషి. లండన్‌లో ఒక షో, లాస్ ఏంజెలిస్‌లో ఒక షో, వారంవారం సముద్రం దాటి రెండిటికీ జడ్జీగా వెళ్ళేవాడు. పది ఇవ్వడానికి చెయ్యి రాని మనిషి. జనం ఆయన మీద ‘బూ’ అని అరిచేవాళ్ళు. ఇప్పుడు కప్పుకి ఆయన పేరే పెట్టుకున్నారు.

ఇంకొకటి గమనించావో లేదో. ఈ ఆటలో మైనస్ ఓటు లేదు. ఎవరి మీదైనా కోపముంటే వాళ్ళకి వ్యతిరేకంగా ఓటు వెయ్యలేవు, వేరే ఎవరికైనా వెయ్యాలి. విట్నీ ఎక్కడి నుంచి వచ్చింది? యూటాలోని మార్మన్ ఆడవాళ్ళ మీద తీసిన రియాలిటీ షో నుంచి. అందులో ఆమెని విలన్‌లా చూపించారని నువ్వే చెప్పావు. డాన్స్ చూసి మనసు మార్చుకున్నవాళ్ళు కొందరుంటారు, మార్చుకోనివాళ్ళు కొందరు. ఆ రెండో రకం వాళ్ళ ఓట్లన్నీ మిగిలిన ఐదు జంటలకి పంచుకుపోయాయనుకో, ఆ జంటల్లో ఎవరినీ నువ్వు తప్పుపట్టలేవు. మీ నాయనమ్మ ప్రతి ఆదివారం బిగ్‌బాస్ ఎలిమినేషన్‌కి టీవీ ముందు కూర్చుని ఇదే సూత్రం మీద తన ఓటెవరికో తేల్చుకుంటుంది. ‘వాడు పోవాలంటే వీడికి వెయ్యాలి’ అంటుంది. రాజకీయ పార్టీల వాళ్ళు ఆవిడ దగ్గర నేర్చుకోవాలి.

అయితే ఒక చిరాకు నాకూ ఉంది. ఎవరికెన్ని ఓట్లొచ్చాయో ఆ షో వాళ్ళు చెప్పరు. మన దగ్గర పంచాయతీ వార్డు మెంబరు ఎన్నికకైనా ఓట్లు లెక్కపెట్టి చెబుతారు, ఓడినవాడు ఎన్నింటితో ఓడాడో తెలుసుకుని ఇంటికి పోతాడు. విట్నీకి ఆ మాత్రం కూడా దక్కలేదు. ఒక్క ఓటుతో పోయిందో లక్షతో పోయిందో. నీ కోపానికి ఒక చోటు కావాలంటే అక్కడ పెట్టుకో, నేనూ నీతో కలుస్తాను.

ఇప్పుడు ఆమె పక్కన నిలబడ్డ మనిషి సంగతి చెప్తాను. నువ్వు విట్నీనే చూశావు. నేను ఆమెకి జంటగా ఆడిన డాన్సరు మార్క్ బాలస్‌ని చూశాను. నువ్వు పంపిన క్లిప్‌లో హోస్ట్ పేరు చదివాక అతని ముఖం చూశావా? పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఆ మనిషికి ఇది కొత్త కాదు మరి.

2007లో అతను ఆ షోకి మొదటిసారి వచ్చాడు. అతని జంట సబ్రీనా బ్రయన్, ‘చీటా గర్ల్స్’ అమ్మాయి. నువ్వు పుట్టకముందు మాట. ఆ సీజన్లో గట్టి పోటీదారుల్లో ఒకరనుకున్నారు. ఆరో వారంలో ఎలిమినేట్ అయింది. హాలంతా నోళ్ళు తెరిచింది. అమెరికాలో ఆ షో చూసేవాళ్ళు ఇప్పటికీ ‘షాకింగ్ ఎలిమినేషన్’ అనగానే ఆ పేరు చెబుతారు. మూడేళ్ళ తర్వాత, 2010లో, అతని జంట బ్రిస్టల్ పేలిన్. వాళ్ళమ్మ సారా పేలిన్ 2008లో ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసిన రాజకీయ నాయకురాలు. ఆ అమ్మాయికి డాన్స్ అంతంతమాత్రం, జడ్జీల దగ్గర వెనకబడేది, జనం ఓట్లతో ముందుకు పోయేది. సెమీఫైనల్లో బ్రాందీ అనే గాయని, బ్రిస్టల్ కన్నా ఎంతో బాగా చేసిన మనిషి, ఇంటికి పోయింది. బ్రిస్టల్ ఫైనల్‌కి వెళ్ళింది. ఆవేళ తిట్లన్నీ ఎవరికి? బ్రిస్టల్‌కీ, ఆమె పక్కనున్న మార్క్‌కీ. నేను ఇందాక చెప్పిన తుపాకీ ఆయన కోపం కూడా ఆ అమ్మాయి మీదే.

చూశావా? 2007లో అన్యాయం జరిగింది అతనికి. 2010లో ‘అన్యాయంగా మిగిలిపోయింది’ కూడా అతనే. మొన్న మంగళవారం మళ్ళీ మొదటి వైపు. ఆ మధ్యలో 2008, 2009లలో గెలిచాడు, 2022లో గెలిచాడు, కొంత విరామం తీసుకుని ఈ ఏడాది తిరిగొచ్చాడు. మనిషి అదే, పాదాలు అవే, వారంవారం కొత్త డాన్స్ కూర్చి అసలు డాన్సే రానివాళ్ళకి నేర్పే పని కూడా అదే. ఓట్ల గాలి ఎటు వీస్తే అటు.

ఇంకా ఉంది. 2012లో పాత తారలందరినీ కలిపి ఒక సీజన్ పెట్టారు. చివరి చోటు ఎవరికివ్వాలో జనాన్నే ఓటు వెయ్యమన్నారు. ముగ్గురిలో జనం ఎంచుకున్నది సబ్రీనాని. ఐదేళ్ళ కిందట ఇంటికి పంపింది వాళ్ళే, పిలుచుకొచ్చింది వాళ్ళే. కానీ అప్పుడామె జంట వేరే డాన్సరు. మార్క్ మళ్ళీ బ్రిస్టల్ పక్కనే ఉన్నాడు. దీన్ని నాటకంలో రాస్తే ‘కల్పన మరీ ఎక్కువైంది’ అని నేనే మార్కులు తగ్గించేవాణ్ణి.

మార్క్ కుటుంబం సంగతి చెబితే ఇంకా నవ్వుకుంటావు. వాళ్ళమ్మ షర్లీ బాలస్ 2017 నుంచి లండన్‌లోని మాతృక షోలో, అంటే ‘స్ట్రిక్ట్‌లీ కమ్ డాన్సింగ్’లో, హెడ్ జడ్జి. అక్కడ చివరి రెండు జంటలూ మళ్ళీ ఒకసారి డాన్స్ చేస్తారు, జడ్జీలు చెరి సగమైతే ఆవిడ మాటే చివరిది. తల్లి అక్కడ మనుషుల్ని ఇంటికి పంపుతుంది, కొడుకు అమెరికాలో ఇంటికి పోతాడు. వాళ్ళింట్లో భోజనాల దగ్గర ఏం మాట్లాడుకుంటారో వినాలని ఉంది.

ఆ లండన్ షోనే ముందు పుట్టింది, 2004లో. మరుసటి ఏడాది అమెరికావాళ్ళు తెచ్చుకున్నారు, 2006లో మన హిందీ వాళ్ళు ‘ఝలక్ దిఖ్‌లా జా’ అని పెట్టుకున్నారు. జడ్జీలకీ జనానికీ జగడం ఎక్కడికి పోయినా వెంటే వెళ్ళింది. అన్నిటికన్నా విచిత్రం 2008లో లండన్‌లో జరిగింది. జాన్ సార్జెంట్ అని, రాజకీయ వార్తలు చెప్పే పెద్దమనిషి, లావుపాటి శరీరం, డాన్స్ మహా ఘోరం. జడ్జీలు వారంవారం అడుగున పెడతారు, జనం వారంవారం పైకి లాగుతారు. ఒకవేళ గెలిచేస్తానేమోనని ఆయనకే భయం పట్టుకుంది. నవంబరులో తనంతట తానే తప్పుకున్నాడు. కొందరు ఆయన్ని మెచ్చుకున్నారు. నాకు మాత్రం నచ్చలేదు. జనం ఉండమంటే ఉండాలి. ఓటు వేసినవాళ్ళని ఏమనుకున్నాడు?

అదే సీజన్ సెమీఫైనల్లో ఇంకో చోద్యం. మూడు జంటలు మిగిలాయి. అక్కడి లెక్క శాతాలతో కాదు, స్థానాలతో. జడ్జీల దగ్గర మొదటి స్థానానికి మూడు పాయింట్లు, రెండోదానికి రెండు, మూడోదానికి ఒకటి. జనం ఓట్లకీ అంతే. ఆ రాత్రి ఇద్దరమ్మాయిలకి జడ్జీలు సమానంగా ఇచ్చారు, ఇద్దరికీ మూడేసి. మూడో అతను టామ్ చేంబర్స్‌కి ఒకటి. ఇప్పుడు జనమంతా అతనికే ఓటేసినా నాలుగు దాటదు. మిగిలిన ఇద్దరిలో ఒకరికి ఐదు, ఒకరికి నాలుగు. అంటే ఎన్ని ఓట్లు పడినా చివరి రెండు జంటల్లో అతను పడక తప్పదు. అప్పటికే జనం ఓట్లు వేసేస్తున్నారు. బీబీసీ వాళ్ళకి ముచ్చెమటలు పోశాయి. ఆ వారం ఎవరినీ పంపకుండా ముగ్గురినీ ఫైనల్‌కి తీసుకెళ్ళారు, పడ్డ ఓట్లని అక్కడికి కలిపారు. ఫైనల్ ఎవరు గెలిచారో తెలుసా? టామ్ చేంబర్స్.

ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, ‘జడ్జీలకే వదిలెయ్యాలి’ అన్న నీ మాటకి నేను ఒప్పుకోను. 2018లో మీ అమెరికాలో బాబీ బోన్స్ అనే రేడియో ఆయన తక్కువ మార్కులతోనే కప్పు కొట్టుకుపోయాడు. ఆ సీజన్ సెమీఫైనల్లో జువాన్ పాబ్లో డి పేస్ నిండు మార్కులు తెచ్చుకుని అదే రాత్రి ఇంటికి పోయాడు. గోల జరిగింది. మరుసటి ఏడాది నిబంధన మార్చారు, అడుగునున్న రెండు జంటల్లో ఒకరిని జడ్జీలు కాపాడొచ్చని. ఏమైంది? ఆ ఏడాది సెమీఫైనల్లో నటుడు జేమ్స్ వాన్ డర్ బీక్, భార్యకి గర్భస్రావమైందని అదే రాత్రి చెప్పుకుని, ఆ దుఃఖంతోనే డాన్స్ చేశాడు. జడ్జీలు రెండో జంటలోని అమ్మాయిని ఉంచి అతన్ని పంపారు. ఆ అమ్మాయి, ఆలీ బ్రూక్, ఏడుస్తూ నా చోటు ఇతనికివ్వండి అంది. జనం జడ్జీలని తిట్టారు. అంతకుముందు ఏడాది జనాన్ని తిట్టినవాళ్ళే.

ఇక మా పరిషత్తుల సంగతి. ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది ఈ తెనాలిలోనే, 1929లో. పోటీ నాటకాలంటే ఇక్కడి జనానికి ప్రాణం. ముగ్గురు న్యాయనిర్ణేతలం ముందు వరసలో చిన్న బల్ల వేసుకుని, దీపం కింద మార్కుల కాగితాలు పెట్టుకుని కూర్చునేవాళ్ళం. వెనక వందల మంది జనం. ఒక్కోసారి హాస్య నాటికకి హాలు పగిలిపోయేలా నవ్వి, చప్పట్లు కొట్టి, ప్రథమ బహుమతి దానికే అనుకుంటారు. మేము వేరేదానికి ఇస్తాం. వేదిక దిగేసరికి వెనక నుంచి గొణుగుడు మొదలవుతుంది. ‘ఈళ్ళకి కళ్ళున్నాయా’ అని మాకు వినబడేలాగే అంటారు. పద్య నాటకాల రోజుల్లో అయితే జనం తీర్పు అక్కడికక్కడే. పద్యం నచ్చితే ‘వన్స్ మోర్’ అని అరుస్తారు, చచ్చిపోయిన పాత్ర లేచి కూర్చుని మళ్ళీ పాడాలి. పోటీలో మళ్ళీ పాడితే సమయం మించుతుంది, మార్కులు పోతాయి. పాడకపోతే జనం ఊరుకోరు. నటుడు మా వైపు ఒకసారి, వాళ్ళ వైపు ఒకసారి చూసేవాడు. నేను చూసినంతలో ఎక్కువమంది పాడేశారు.

ఒక ఏడాది ఒక కుర్ర నటుడు, తనకే వస్తుందనుకున్న బహుమతి రాకపోయేసరికి, మర్నాడు పొద్దున బస్టాండులో నన్ను పట్టుకున్నాడు. తిడతాడేమో అనుకున్నాను. ‘మాస్టారూ, నాకు మార్కులెక్కడ పోయాయి?’ అని అడిగాడు. చెప్పాను. రెండో రంగంలో నీ గొంతు వెనక వరసకి చేరలేదు, ఏడుపులో మాట మింగేశావు, వెలుగులో నిలబడాల్సిన చోట పక్కకి జరిగావు అని. టీ తాగుతూ చాలాసేపు మాట్లాడుకున్నాం. తర్వాతి ఏడాది ఇంకో పరిషత్తులో అతని గొంతు వెనక వరసకి వినబడింది. ఈసారి బల్ల దగ్గర నేను లేను, జనంలో ఉన్నాను.

మేఘనా, మార్కుకి ఒక కారణముంటుంది. వేసినవాణ్ణి నిలదీసి అడగొచ్చు, వాడు చెప్పాలి, చెప్పలేకపోతే ఆ కుర్చీకి తగడు. ఓటుకి కారణం అడిగే హక్కు ఎవరికీ లేదు. ఆమె నవ్వు నచ్చింది, వాళ్ళమ్మ నచ్చింది, మా ఊరివాడు, పోయిన వారం జారిపడ్డాడు పాపం, ఏదైనా సరే. జడ్జీని అడిగే ప్రశ్న ‘ఎవరు బాగా చేశారు’. నీకూ నాకూ వేసే ప్రశ్న ‘వచ్చే మంగళవారం ఎవరిని చూడాలనుంది’. ఈ రెండు జవాబుల్నీ కలిపి ఒక మనిషిని ఇంటికి పంపుతారు. ఎలిమినేషన్ రాత్రి అంత కష్టంగా ఉండేది అందుకే. ఆ కుర్ర నటుడికి అడగడానికి ఒక మాస్టారు దొరికాడు. విట్నీ ఎవరిని అడుగుతుంది?

అయినా ఆ రెండో ప్రశ్న ఉండాలనే అంటాను. ఆ ప్రశ్న వెయ్యకపోతే నీలాంటి పిల్ల టెక్సాస్‌లో కూర్చుని ఫాక్స్‌ట్రాట్ అంటే ఏమిటో, పాసో డోబ్లే అంటే ఏమిటో తెలుసుకునేదే కాదు. జడ్జీలకోసమే ఆడితే మా పరిషత్తుకి కూడా ముగ్గురం చాలు, కుర్చీలు అద్దెకి తేవడమెందుకు?

చివరగా నీ మెసేజ్‌లో నాకు నచ్చనిది ఒకటుంది, అది కూడా చెప్పేస్తాను. ‘జోర్డన్ వెళ్ళాల్సింది, విట్నీ కాదు’ అన్నావు. జోర్డన్ చైల్స్ ఎవరో ఒకసారి గుర్తుచేసుకో. పోయిన ఏడాది పారిస్ ఒలింపిక్స్‌లో ఫ్లోర్ ఎక్సర్‌సైజ్ ఫైనల్. మొదట ఐదో స్థానం. వాళ్ళ కోచ్ మార్కులు సరిచూడమని అడిగితే 0.1 కలిసింది, కాంస్యం వచ్చింది, ఆనందంతో గాలిలోకి ఎగిరింది. కొన్ని రోజులకి క్రీడా న్యాయస్థానం, ఆ విన్నపం గడువు దాటి నాలుగు సెకన్లు ఆలస్యంగా వచ్చిందని తేల్చింది. పతకం పోయింది. నాలుగు సెకన్లు! ఆ అమ్మాయి పుట్టినప్పటి నుంచీ పెరిగిందే మార్కుల మధ్య. కారణాలు చెప్పే తీర్పులు ఎలా ఉంటాయో ఆమెకన్నా బాగా తెలిసినవాళ్ళు ఆ స్టేజీ మీద లేరు. ఈసారి ఏ కారణమూ చెప్పకుండా, ఊరూ పేరూ తెలియని జనం ఆమెని ఉండమన్నారు. దాన్ని ఆమె దగ్గర్నుంచి లాక్కోవాలని నాకు లేదు. విట్నీ పోయినందుకు బాధపడు, ఎంతైనా పడు. ఉన్నవాళ్ళు ఆమె చోటు దొంగిలించినట్టు మాట్లాడకు. అదే మాట 2010లో మీ మార్క్‌ని కూడా అన్నారు.

ఇక ఈ మంగళవారం 25న ఫైనల్. రాబర్ట్ ఇర్విన్, అలిక్స్ అర్ల్, జోర్డన్, డిలన్ ఎఫ్రాన్, ఎలేన్ హెండ్రిక్స్. రాబర్ట్ మీద అందరికీ ప్రేమ కాబట్టి అతనే గెలుస్తాడని మీ బాబాయి పందెం కాస్తున్నాడు. వాళ్ళక్క బిందీ 2015లో ఇదే కప్పు గెలిచిందట కదా. మీ నాయనమ్మ మాత్రం యాభై దాటిన ఆ ఎలేన్ వైపు, ‘ఆ వయసులో ఆ మోకాళ్ళు ఎలా వంగుతున్నాయే’ అని. ఇక్కడి నుంచి మా ఇద్దరికీ ఓటు లేదు గదా. మా ఓటు నీ చేతిలో ఉంది.

‘ఇక జన్మలో చూడను’ అన్నావు కాబట్టి చూడమని బలవంతపెట్టను. చూస్తే మాత్రం మార్కులు వచ్చేదాకా ఆగకుండా, ఎవరు నచ్చితే వాళ్ళకి మొదట్లోనే పదీ వేసెయ్యి. సేఫ్ అనుకున్నవాళ్ళకైతే తప్పకుండా వెయ్యి. మీ నాన్న ఫోన్ కూడా తీసుకో, వాడు ఎలాగూ ఆ టైముకి సోఫాలో నిద్రపోతుంటాడు. నాయనమ్మ తరఫున ఎలేన్‌కి ఒకటి పడాలని గట్టిగా చెప్పమంది. మాకు బుధవారం పొద్దున ఆరున్నరకి మొదలవుతుంది, నువ్వు క్లిప్పులు పంపుతుంటే చూస్తుంటాం. ఏడుపొస్తే ముందు ‘ఎవరికీ ఏమీ కాలేదు’ అని చెప్పి తర్వాత ఏడువు, నాయనమ్మకి బీపీ ఉంది.

రిమోట్ బ్యాటరీలు దొరికాయా?

ఆశీస్సులతో,
తాతయ్య